తాళంచెవి లేకుండా తాళం ఎలా తెరుచుకుంటుంది? లోపలి పిన్నుల నుంచి ఇంటి గొళ్ళెం దాకా

క్లుప్తంగా: తాళంలో ఎన్ని వేల కాంబినేషన్లు ఉన్నా, చెవి లేకుండా తెరిచేవాడికి ఆ లెక్క పెద్ద అడ్డు కాదు. లోపలి పిన్నులు, లివర్లు ఒక్కొక్కటిగా దొరికిపోవడమే అసలు బలహీనత. 1851లో లండన్‌లో అందరి ముందూ బయటపడ్డ ఈ సంగతి తర్వాతి తాళాల రూపాన్నే మార్చింది. మన ఊళ్లలో ఇళ్ల దొంగతనాలకు మాత్రం ఈ విద్యతో సంబంధం తక్కువ. అక్కడ ముందుగా ఊడేది గొళ్ళెం.

ఫోన్‌లో రీల్స్ చూసేవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. ఎవరో ఒక తాళం కప్పను చేతిలోకి తీసుకుంటారు, రెండు సన్నటి ఇనప పుల్లలు దూరుస్తారు, ఇరవై సెకన్లు గడవక ముందే అది టక్కున తెరుచుకుంటుంది. చూసినవాళ్లలో కొందరు అదంతా కెమెరా మాయ అనుకుంటారు. ఇంకొందరికి టెన్షన్ పట్టుకుంటుంది, మన ఇంటి తాళం కూడా ఇంతేనా అని. అది మాయ కాదు, నిజంగానే అలా తెరవొచ్చు. అయితే ఆ ఇరవై సెకన్ల వెనుక కొన్ని నెలల సాధన, ముందే అలవాటైన తాళం, బల్ల మీద మంచి వెలుతురు ఉంటాయి. పైగా అసలు ప్రమాదం చాలాసార్లు తాళం లోపల కాదు, తాళం వేలాడే చోట ఉంటుంది. ఈ రెండు విషయాలూ కలిసిపోవడం వల్లే తాళం కొనేటప్పుడు డబ్బు తప్పు చోట ఖర్చవుతోంది.

తాళం లోపల ఏముంది

ఇంటి తలుపుల తాళాల్లో పిన్ టంబ్లర్ రకం ప్రపంచమంతటా బాగా వ్యాపించింది. దీని ఆలోచన చాలా పాతది. ప్రాచీన ఈజిప్టు, మెసపొటేమియా ప్రాంతాల్లో చెక్క గడియలోకి చెక్క మేకులు జారిపడి దాన్ని కదలకుండా పట్టుకునేవి. పళ్లున్న పెద్ద చెక్క చెవితో ఆ మేకులను పైకి లేపితే గడియ జరిగేది. ఇప్పటి రూపం అమెరికాకు చెందిన లైనస్ యేల్ తండ్రీకొడుకులది. తండ్రి 1848లో పేటెంటు తీసుకున్నాడు. అదే పేరున్న కొడుకు 1860లలో దాన్ని చిన్నదిగా చేసి, రంపపు పళ్లలాంటి అంచున్న పలుచటి చెవికి సరిపోయేలా మార్చాడు. ఇప్పుడు అందరి కీచెయిన్లలో వేలాడే చెవి అక్కణ్నుంచి వచ్చిందే.

తాళం ఇత్తడి దిమ్మలో తొలిచిన రంధ్రంలో ఒక గుండ్రటి ముక్క బిగుతుగా కూర్చుంటుంది. దాన్ని ప్లగ్ అంటారు. చెవి దూరేది దీంట్లోకే, చెవితో పాటు తిరిగేదీ ఇదే. దిమ్మలోంచి ప్లగ్‌లోకి వరుసగా 5 లేదా 6 సన్నటి బెజ్జాలు ఉంటాయి. ఒక్కో బెజ్జంలో ఒకదాని మీద ఒకటిగా రెండు పిన్నులు, వాటి నెత్తిన ఒక స్ప్రింగ్. చెవి లేనప్పుడు స్ప్రింగ్ నొక్కుడుకు పై పిన్ను కొంత దిమ్మలో, కొంత ప్లగ్‌లో ఉండిపోయి అడ్డగడియలా పనిచేస్తుంది.

సరైన చెవి దూరగానే దాని ఎత్తుపల్లాలు ప్రతి జంటనూ కావలసినంత మేరకే లేపుతాయి. రెండు పిన్నులు కలిసే చోటు సరిగ్గా దిమ్మకూ ప్లగ్‌కూ మధ్య సరిహద్దు మీదకు వస్తుంది. అన్ని జంటలూ ఆ గీత దగ్గర విడిపోయాయంటే ఇక అడ్డం లేనట్టే, ప్లగ్ తిరుగుతుంది. ఒక్క జంట కాస్త ఎక్కువ లేచినా, తక్కువ లేచినా తాళం కదలదు.

ఒక్కో పిన్నునూ విడిగా అడిగితే

5 పిన్నుల తాళంలో ఒక్కో పిన్నుకు 6 ఎత్తులు ఉన్నాయనుకుందాం. 6ను అయిదుసార్లు గుణిస్తే 7,776 రకాల చెవులు వస్తాయి. పెట్టె మీద రాసుకోవడానికి బాగుండే అంకె ఇది. కానీ చెవి లేకుండా తెరిచేవాడు ఈ 7,776లో ఒక్కదాన్నీ ప్రయత్నించడు.

ఎందుకో ఏటీఎం పిన్‌తో పోల్చి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. 4 అంకెల పిన్‌కు 10,000 అవకాశాలు. తప్పు నంబర్ కొడితే మిషన్ తప్పు అని మాత్రమే చెబుతుంది, ఏ అంకె తప్పో చెప్పదు. అలా కాకుండా మొదటి అంకె సరిపోయింది, ఇక రెండోది చూసుకో అని చెప్పే మిషన్ ఉంటే? ఒక్కో అంకెకు ఎంత ఎక్కువైనా 10 ప్రయత్నాలు, మొత్తం 40తో పని అయిపోతుంది. మామూలు తాళం ఈ రెండో రకం మిషన్. ఒక్కో పిన్ను సంగతీ విడిగా చెప్పేస్తుంది.

అలా చెప్పేయడానికి కారణం తయారీలో ఉంది. అయిదు బెజ్జాలూ ఒకే వరుసలో ఉండాలని ఫ్యాక్టరీ ఉద్దేశం. తొలిచే పనిముట్టు మాత్రం మిల్లీమీటరులో వందో వంతో, కొన్ని వందో వంతులో పక్కకు పోతుంది. పిన్నుల మందంలోనూ అంతే తేడా. కాబట్టి ప్లగ్‌ను చెవితో తిప్పినట్టుగా కొద్దిగా తిప్పి పట్టుకుంటే అయిదు పిన్నులూ ఒకేసారి బిగుసుకోవు. అన్నిటికంటే ముందు ఒక్కటే దిమ్మకూ ప్లగ్‌కూ మధ్య ఇరుక్కుంటుంది.

దగ్గర నుంచి చూస్తే పని ఇలా నడుస్తుంది. ఎడమచేతి వేలితో ప్లగ్ మీద ఒత్తిడి పెడతారు. కీబోర్డు మీద అక్షరం నొక్కేంత బరువు చాలు. కుడిచేతిలోని సన్నటి కొక్కెంతో ఒకటో పిన్నును తాకితే స్ప్రింగ్ మీద మెత్తగా ఊగుతుంది. రెండోదీ అంతే. మూడోది గట్టిగా ఎదురు నిలుస్తుంది, అంటే ఇరుక్కున్నది అదే. దాన్ని మెల్లగా లేపుతూ పోతే, రెండు పిన్నులు కలిసే చోటు సరిహద్దుకు రాగానే వేలికి చిన్న టిక్ తగులుతుంది. ప్లగ్ వెంట్రుకవాసి తిరుగుతుంది. ఆ కాస్త తిరుగుడుతో ప్లగ్ అంచు ఒక చిన్న అరుగులా ఏర్పడి పై పిన్నును తన మీద నిలబెట్టుకుంటుంది. అది ఇక కిందికి పడదు. ఇప్పుడు బరువు ఇంకో పిన్ను మీదకు మారుతుంది. అది ఏదో వెతికి మళ్లీ అదే పని. అయిదోది కూర్చోగానే ప్లగ్ తిరిగిపోతుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే తప్పు సాధారణంగా ఒక్కటే, బలం ఎక్కువ పెట్టడం. ఒత్తిడి పెరిగితే పిన్నులన్నీ బిగుసుకుపోయి ఏది ముందో ఏది వెనకో తెలియదు. వీణ తీగ మీద వేలు ఎంత నొక్కాలో మాటల్లో చెప్పలేనట్టే దీన్నీ చెప్పలేరు, చేతికే తెలియాలి.

రెండు పుల్లలు, రెండు పనులు

సినిమాల్లో హీరోయిన్ జడలోంచి తీసిన ఒక్క పిన్నుతో తలుపు తెరుచుకుంటుంది. నిజంలో ఒక్క పుల్లతో పని జరగదు. తిప్పడానికి ఒకటి, లేపడానికి ఒకటి, కనీసం రెండు కావాలి. తిప్పేదాన్ని టెన్షన్ రెంచ్ అంటారు. చివర వంచిన చిన్న ఇనప పట్టీ అది. అందరి కళ్లూ కొక్కెం మీదే ఉంటాయి కానీ, తాళం మాట్లాడేది ఎక్కువగా ఈ పట్టీతోనే. పిన్ను కూర్చున్నదీ లేనిదీ, ఒత్తిడి ఎక్కువైనదీ తక్కువైనదీ ముందు దీనికే తెలుస్తుంది.

లేపే పుల్లలు సుమారు 0.4 నుంచి 0.6 మిల్లీమీటర్ల మందమున్న గట్టి ఉక్కుతో చేస్తారు. మందం ఎక్కువైతే చెవి సందులో కదలడానికి చోటుండదు, తక్కువైతే వంగిపోతుంది. ఒక్కో పిన్నును విడిగా లేపడానికి కొక్కెం ఆకారం, పిన్నులన్నిటినీ ఒక్కసారి గీకడానికి అలల్లాంటి పళ్లున్న రేక్. రీల్స్‌లో కనిపించే వేగం చాలావరకు రేక్‌ది. లోపల లెక్కలేమీ ఉండవు, ఊపుతూ గీకుతుంటే అదృష్టం కొద్దీ పిన్నులు సరిహద్దు దగ్గర నిలబడతాయి. చవక తాళంలో ఇది తరచూ పనిచేస్తుంది, మంచి తాళంలో పనిచేయదు.

అరిగిన హ్యాక్‌సా బ్లేడును సాన పట్టి పుల్లలు చేసుకునేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. అందులో ఒక మెలకువ ఉంది. సాన మీద ఉక్కు వేడెక్కి నీలం రంగుకు తిరిగిందంటే పాయనం, అంటే ఉక్కుకు పట్టించిన గట్టిదనం, పోయినట్టే, ఆ పుల్ల మొదటి పిన్ను దగ్గరే వంగుతుంది. అందుకే కొద్దికొద్దిగా సాన పడుతూ మధ్యమధ్యలో నీళ్లలో ముంచుతారు. కొడవలికి పదును పెట్టే కమ్మరికి ఇది కొత్తగా చెప్పక్కర్లేని విషయం.

మన కప్ప తాళంలో లివర్లు

తాళం కప్ప కొనడానికి వెళితే హార్డ్‌వేర్ షాపులో మొదట వినిపించే ప్రశ్న ఎన్ని లివర్లు కావాలని. అనంతపురం, చిత్తూరు వైపు బీగం అన్నా, కోస్తాలో తాళం అన్నా లోపలి యంత్రం చాలాసార్లు ఇదే. 1897లో బొంబాయిలో తాళాల తయారీతో మొదలైన గోద్రెజ్ సంస్థ నవ్‌తాల్ కప్పలు 6, 7, 8 లివర్ల లెక్కనే అమ్ముడవుతాయి. ఉత్తరాన అలీగఢ్, తమిళనాడులో దిండిగల్ తాళాలకు పెట్టింది పేరు. చేత్తో చేసే దిండిగల్ తాళాలకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వాటిలో మామిడికాయ ఆకారపు తాళం అక్కడి ప్రత్యేకత.

లివర్ తాళంలో పలుచటి రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ప్రతి రేకులో ఒక గాడి. గడియకు అతికిన చిన్న మొట్టు ఈ గాళ్లన్నిటిలోంచి ఒకేసారి దూరితేనే గడియ వెనక్కి పోతుంది. చెవి చివర మెట్లమెట్లుగా ఉండే కోతలు ఒక్కో రేకునూ దాని ఎత్తుకు లేపి గాళ్లను ఒక వరుసకు తెస్తాయి. 1778లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ బ్యారన్ చేసిన మార్పు ఇందులో ముఖ్యమైంది. అంతకు ముందు రేకును ఎంత పైకి లేపినా సరిపోయేది. ఆయన తాళంలో ఎక్కువ లేపినా గడియ కదలదు.

యంత్రం వేరైనా బలహీనత ఒక్కటే. గడియను వెనక్కి నొక్కి పట్టుకుంటే మొట్టు అన్ని రేకులకూ సమానంగా తగలదు, ఏదో ఒకటి ముందు బిగుసుకుంటుంది. అందుకే 6 లివర్ల కప్ప కంటే 8 లివర్ల కప్ప మంచిదే కానీ, అంకెలు చూసి ఊహించుకున్నంత తేడా ఉండదు. కాంబినేషన్లు గుణకారంతో పెరుగుతాయి, తెరిచేవాడి కష్టం మాత్రం కూడికతో పెరుగుతుంది.

1851 వేసవి, లండన్

ఈ విషయం ప్రపంచానికి తెలిసిన తీరు వివరంగా చెప్పుకోదగ్గది. 1817లో పోర్ట్స్‌మత్ రేవులో దొంగతనం జరిగాక బ్రిటిష్ ప్రభుత్వం, సొంత చెవితో తప్ప తెరుచుకోని తాళం కోసం పోటీ పెట్టింది. జెరెమయ్యా చబ్ 1818లో తన డిటెక్టర్ తాళంతో 100 పౌండ్ల బహుమతి గెలిచాడు. ఎవరైనా పుల్ల పెట్టి ఏ రేకునైనా అవసరానికి మించి లేపితే ఒక స్ప్రింగ్ దాన్ని పట్టేసేది. తర్వాత యజమాని చెవి పెట్టగానే తిరగదు, ఎవరో వేలు పెట్టారని ఆయనకు తెలిసిపోతుంది. వెనక్కి ఒకసారి తిప్పితే తాళం మళ్లీ మామూలవుతుంది. ఖైదీల ఓడలో ఉన్న ఒక తాళాల పనివాడికి, దీన్ని తెరిస్తే విడుదల, డబ్బు రెండూ ఇస్తామన్నారు. అతను నెలల తరబడి ప్రయత్నించి చేతులెత్తేశాడు.

ఇంకో తాళం జోసెఫ్ బ్రామాది, 1784 నాటి పేటెంటు. లండన్‌లోని పికడిలీ వీధిలో ఆయన దుకాణం కిటికీలో 1790 నుంచి ఒక తాళం వేలాడేది. దాన్ని తెరిచే పనిముట్టు చేసినవాడికి 200 గినీలు (అప్పటి బ్రిటిష్ బంగారు నాణేలు) ఇస్తామని దాని మీదే రాసి ఉండేది. లోపల గుండ్రంగా అమర్చిన 18 పట్టీలు, ఒక్కోటీ ఒక్కో లోతుకు దిగాలి. 60 ఏళ్లు దాటినా ఆ డబ్బు ఎవరికీ దక్కలేదు.

1851లో లండన్ మహా ప్రదర్శనకు అమెరికా నుంచి ఆల్‌ఫ్రెడ్ చార్ల్స్ హాబ్స్ వచ్చాడు. తమ కంపెనీ తాళాలు అమ్ముకోవడం ఆయన పని. ముందు చబ్ తాళాన్ని సాక్షుల ఎదుట 25 నిమిషాల్లో తెరిచాడు. దొంగను పట్టించాల్సిన డిటెక్టరే ఆయనకు దారి చూపింది. ఏ రేకు పట్టుబడిందో దాన్ని మరీ ఎక్కువ లేపానని అదే చెప్పేది, ఆయన తగ్గించుకునేవాడు. తర్వాత బ్రామా తాళం. దానికి 16 రోజుల్లో మొత్తం 51 గంటలు పట్టింది. తాళానికి ఒత్తిడి పెట్టే సామాను బిగించి, ఒక్కో పట్టీ లోతూ కొలుచుకుంటూ వెళ్లాడు. బ్రామా వారసులు అభ్యంతరం చెప్పినా, మధ్యవర్తులు హాబ్స్‌కే డబ్బు ఇప్పించారు.

25 నిమిషాలు, 51 గంటలు. ఈ తేడాను ఆనాటి పత్రికల కలకలంలో ఎంతమంది పట్టించుకున్నారో కానీ, తాళం విలువ ఉన్నది అక్కడే. తెరుచుకోని తాళం లేదు, ఎంతసేపు ఆపుతుందన్నదే ప్రశ్న. కిటికీలో వేలాడే తాళం ముందు 16 రోజులు కూర్చోవచ్చు, నిద్రపోతున్న ఇంటి గుమ్మంలో కూర్చోలేరు. హాబ్స్ సొంత తాళానికీ మినహాయింపు దొరకలేదు. 1854లో చబ్ కంపెనీ పనివాడొకరు దాన్ని తెరిచాడు.

ఇలాంటివి బయటపెడితే దొంగలకు నేర్పినట్టు కాదా అని అప్పుడే గొడవ మొదలైంది. దొంగలు తమ పనిలో ఆరితేరినవాళ్లు, వాళ్లకు తెలిసిందే మనం నేర్పగలిగే దానికంటే ఎక్కువ, తెలియనిదల్లా తాళం కొనేవాళ్లకే అన్నది హాబ్స్ జవాబు. తర్వాతి 170 ఏళ్లలో జరిగింది చూస్తే ఆయన మాటే బలంగా నిలబడింది.

నడుం సన్నటి పిన్నులు

తయారీదారులు ఊరుకోలేదు. లివర్ల అంచుల్లో చిన్న చిన్న దొంగ గాళ్లు కోశారు. మొట్టు వాటిలో చిక్కుకుంటే అసలు గాడి దొరికిందనుకుని తెరిచేవాడు మోసపోతాడు. పిన్ టంబ్లర్లలో పై పిన్నును దారపు ఉండ చుట్టే కండె ఆకారంలో, నడుం సన్నగా తిప్పారు. దీన్ని స్పూల్ పిన్ అంటారు. అది సరిహద్దు దగ్గరకు వచ్చేసరికి సన్నటి నడుం దగ్గర ఇరుక్కుని, ప్లగ్ ఒక్కసారిగా కొన్ని డిగ్రీలు తిరుగుతుంది. తాళం తెరుచుకుందన్న భ్రమ కలిగి అక్కడే ఆగిపోతుంది. బయటపడాలంటే ఒత్తిడి తగ్గించి ప్లగ్‌ను కాస్త వెనక్కి పోనివ్వాలి. ఎక్కువ తగ్గిస్తే అప్పటిదాకా కూర్చున్న పిన్నులు కూడా జారిపోతాయి. పిన్ను ఆకారం మార్చినందుకు అయ్యే ఖర్చు చాలా తక్కువ, తెరిచేవాడి కష్టం మాత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అయినా చవక తాళాల్లో ఇప్పటికీ నున్నటి పిన్నులే వేయడం సమర్థించుకోలేని పని.

1907లో ఫిన్లాండ్‌లో ఎమిల్ హెన్రిక్సన్ వేరే దారి పట్టాడు. స్ప్రింగులు, పిన్నులు లేకుండా గుండ్రటి బిళ్లలు మాత్రమే పెట్టాడు. చెవి ఒక్కో బిళ్లను ఒక్కో కోణానికి తిప్పుతుంది. స్ప్రింగు లేకపోతే వేలికి తగిలే కబురు తగ్గిపోతుంది, మామూలు పుల్లలు పనికిరావు. ఆబ్లాయ్ పేరుతో వచ్చే తాళాలకు మూలం అదే. మంచు, దుమ్ము పట్టినా మొరాయించకపోవడం అదనపు లాభం.

పుల్లలు అక్కర్లేని దారులు

పిన్నులను ఒక్కొక్కటిగా పలకరించకుండా అన్నిటినీ ఒకేసారి ఎగరగొట్టే పద్ధతి బంపింగ్. క్యారమ్ బోర్డు మీద ఒకదానికొకటి తగిలి ఉన్న రెండు కాయిన్లలో మొదటిదాన్ని స్ట్రైకర్‌తో కొడితే అది ఉన్నచోటే ఉండి రెండోది ఎగిరిపోతుంది. ప్రత్యేకంగా కోసిన చెవి మీద చిన్న దెబ్బ వేస్తే కింద పిన్నులు అలాగే ఉండి పై పిన్నులు క్షణకాలం ఎగురుతాయి. ఆ క్షణంలో సరిహద్దు ఖాళీ. ఈ ఆలోచనకు అమెరికాలో 1928లోనే పేటెంటు ఉంది. 2005 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లో తాళాల ఔత్సాహికులు దీన్ని చూపించాకే మామూలు జనానికి తెలిసింది.

2004 సెప్టెంబరులో క్రిప్టొనైట్ సైకిల్ తాళం సంగతి ఇంకా ఇబ్బందికరం. గుండ్రటి గొట్టం చెవితో తెరిచే ఆ ఖరీదైన తాళాలు మామూలు బాల్‌పెన్ గొట్టంతో తెరుచుకున్నాయి. మెత్తటి ప్లాస్టిక్ పిన్నుల ఆకారాన్ని తానే పట్టేసింది. వీడియోలు పాకాక కంపెనీ తాళాలు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. ఈ లోపం గురించి 1990లలోనే ఒక బ్రిటిష్ సైకిల్ పత్రిక రాసింది. అప్పుడే దిద్దుకుని ఉంటే ఇంత ఖర్చు ఉండేది కాదు.

హాస్టళ్లలో, ఆఫీసుల్లో ఒక్కో గదికి ఒక్కో చెవి, వార్డెన్ దగ్గర అన్నిటికీ ఒకే మాస్టర్ చెవి ఉంటాయి. ఇందుకోసం తాళంలో కొన్ని పిన్నులను అదనంగా ముక్కలు చేసి, రెండు ఎత్తుల్లోనూ తెరుచుకునేలా పెడతారు. 2003లో ఏటీ అండ్ టీ ల్యాబ్స్ పరిశోధకుడు మాట్ బ్లేజ్ దీన్ని పరిశీలించి, ఒక్క గది చెవి, ఆ గది తాళం, కొన్ని ఖాళీ చెవులు ఉంటే మాస్టర్ చెవి కొలతలు తెలుసుకోవచ్చని చూపించాడు. ఒకచోట తప్ప మిగతావన్నీ తన చెవిలాగే ఉంచి, ఆ ఒక్కచోట ఎత్తు మార్చి చూడటమే. 5 స్థానాలు, ఒక్కోచోట మిగిలిన 5 ఎత్తులు, మొత్తం 25 పరీక్షలు. ఇక్కడా తాళం ఒక్కో స్థానం గురించి విడిగా జవాబు చెబుతోంది. ఇది మాకు ఎప్పటి నుంచో తెలుసు, బయట ఎందుకు చెప్పావని తాళాల వృత్తిలోని కొందరు ఆయన మీద కోప్పడ్డారు.

అమెరికాకు చదువుకో ఉద్యోగానికో వెళ్లే తెలుగువాళ్ల సూట్‌కేసుల మీద చిన్న ఎర్ర వజ్రం గుర్తున్న తాళం చాలామంది చూసే ఉంటారు. విమానాశ్రయ భద్రతా సిబ్బంది పగలగొట్టకుండా తెరవడానికి వాళ్ల దగ్గర మాస్టర్ చెవులు ఉంటాయి. 2014లో వాషింగ్టన్ పోస్ట్‌లో ఒక కథనంతో పాటు ఆ చెవుల ఫొటో అచ్చయింది. మరుసటి ఏడాదికల్లా ఫొటో చూసి గీసిన 3డీ ప్రింట్ ఫైళ్లు ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి. ఆ తాళం జిప్పు ఊడిపోకుండా పట్టుకుంటుంది, అంతవరకే. నగలు, పాస్‌పోర్టు చేతిసంచిలో ఉండాల్సిందే.

వీధి చివర తాళంచెవుల మనిషి

పుల్లల ప్రస్తావన వచ్చినప్పుడు మన కళ్ల ముందున్న పనితనం మరుగున పడుతుంది. బస్టాండు దగ్గరో, మార్కెట్ మూలనో తీగకు గుత్తులుగుత్తులుగా ఖాళీ చెవులు కట్టుకుని కూర్చునే మనిషి, చెవి పోయిన బీరువాకు కూడా చెవి చేసి ఇస్తాడు. ఆయన చేసే పని తెరవడం కాదు, తాళంతోనే చెవి చెక్కించడం.

ఖాళీ చెవి అంచును ఆకురాయితో నున్నగా చేస్తాడు. తాళంలో దూర్చి, గట్టిగా తిప్పి పట్టి, పైకీ కిందికీ ఒకటి రెండుసార్లు ఊపి బయటికి తీస్తాడు. వెలుతురుకు అడ్డంగా తిప్పి చూస్తే నున్నటి ఇత్తడి మీద సూదిమొనంత మచ్చలు కనిపిస్తాయి. ఏ పిన్ను ఇరుక్కుందో అది చెవిని కొరికిన గుర్తు. ఆ చోట రెండు మూడు రాపిళ్లు, మళ్లీ దూర్చడం, మళ్లీ చూడటం. సరైన లోతుకు వచ్చిన పిన్ను ఇక ఇరుక్కోదు, మచ్చ పెట్టడం మానేస్తుంది. మచ్చలన్నీ ఆగేసరికి చెవి తిరుగుతుంది. హాబ్స్ పికడిలీలో 51 గంటలు ఏ సూత్రం మీద ఆధారపడ్డాడో ఇదీ సరిగ్గా అదే, పైగా చివరికి చేతిలో పనికొచ్చే చెవి మిగులుతుంది. ఈ వృత్తికి దక్కాల్సిన గౌరవం మన దగ్గర దక్కడం లేదు.

దొంగ తాళంతో తగువు పెట్టుకోడు

తెలుగులో దొంగతనానికి పాత మాట కన్నం వేయడం. అది గోడకు సంబంధించిన మాట. మట్టిగోడ తొలవడం తేలికైనప్పుడు తలుపు తాళంతో ఎవరికీ పని లేదు. గోడలు సిమెంటువయ్యాక కూడా ఆలోచన అదే, బలం ఎక్కడ తక్కువో అక్కడ. సంక్రాంతికో వేసవి సెలవులకో ఊరెళ్లినప్పుడు జరిగే చోరీల వార్తల్లో తాళం పగలగొట్టి అన్న మాటే ఉంటుంది. గొళ్ళెం పట్టీలోకి ఇనప రాడ్ దూర్చి మెలితిప్పితే స్క్రూలు చెక్కలోంచి ఊడి వస్తాయి. కప్ప మాత్రం మూసుకునే ఉంటుంది. 8 లివర్ల కప్ప కొని, దాన్ని అరంగుళం స్క్రూలతో బిగించిన గొళ్ళేనికి వేలాడదీస్తే ఆ ఖర్చంతా వృథా. తలుపు అవతలి దాకా వెళ్లే బోల్టులు, నట్లు లోపలి వైపు ఉండే బిగింపు, మందమైన ఆల్‌డ్రాప్, గట్టి ద్వారబంధం. మొదటి ఖర్చు వీటి మీద పెట్టాలి.

బయట వేలాడే కప్పకు ఇంకో లోపం ఉంది. లోపల ఎవరూ లేరని వీధి అంతటికీ అది చాటుతుంది. తలుపులోనే అమరిపోయే తాళం లోపల మనిషి ఉన్నా లేకపోయినా బయటికి ఒకేలా కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) యాప్ తెచ్చింది ఈ తాళం వేసిన ఇళ్ల కోసమే. ఊరెళ్లే ముందు సమాచారం ఇస్తే ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా పెడతారు.

అన్ని చోట్లా ఇదే పరిస్థితి అనుకోకూడదు. 2000 ప్రాంతంలో జపాన్ నగరాల్లో పుల్లలతో తాళాలు తెరిచి చేసే చోరీలు నిజంగానే పెరిగిపోయాయి. అక్కడ అపార్టుమెంట్లకు ఇనప తలుపులు, వాటికి తేలిగ్గా తెరుచుకునే ఒకే రకం సిలిండర్లు పెద్ద సంఖ్యలో ఉండేవి. తలుపు గట్టిదై తాళం బలహీనమైతే దొంగ తాళం దగ్గరికే వస్తాడు. 2003లో సరైన కారణం లేకుండా అలాంటి పనిముట్లు దగ్గర పెట్టుకోవడాన్ని అక్కడ చట్టం నిషేధించింది, తాళాలు కూడా మారాయి. మన నగరాల్లో కొత్త అపార్టుమెంట్లకు ఉక్కు తలుపులు వస్తున్న ఈ రోజుల్లో గుర్తుంచుకోవాల్సిన అనుభవం ఇది. స్మార్ట్ లాక్ పెట్టుకున్నవాళ్లు కూడా బ్యాటరీ అయిపోతే తెరవడానికి దాని కింద ఉన్న చిన్న చెవి బెజ్జాన్ని ఒకసారి చూసుకోవాలి. వేలిముద్ర ఎంత కచ్చితంగా పట్టినా, ఆ బెజ్జం వెనుక నున్నటి పిన్నుల చవక సిలిండర్ ఉంటే తలుపు బలం అంతే.

చట్టం, సాధన చేసేవాళ్ల కట్టుబాట్లు

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 330వ సెక్షన్ ఇల్లు పగలగొట్టి చొరబడటం అంటే ఏమిటో నిర్వచిస్తుంది. అక్రమంగా చొరబడటానికి ఏదైనా తాళం తెరవడం కూడా అందులో ఒకటి. పగలగొట్టకుండా పుల్లతో మెత్తగా తెరిచాడన్నది తప్పించుకునే దారి కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1968 నాటి చట్టం ప్రకారం దొంగతనానికి వాడే ఉద్దేశంతో పనిముట్లు ఇంటి బయట వెంట ఉంచుకోవడమే నేరం. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి నిబంధన మారుతుంది కాబట్టి, అక్కడున్నవాళ్లు పుల్లల సెట్టు ఆర్డర్ చేసే ముందు తమ రాష్ట్రం సంగతి తెలుసుకోవడం అవసరం.

జర్మనీ, నెదర్లాండ్స్, అమెరికాల్లో దీన్ని చదరంగంలా ఆటగా సాధన చేసే సంఘాలు ఉన్నాయి. వాటిలో చేరేవాళ్లకు మొదట చెప్పే నియమాలు రెండు. తమది కాని తాళాన్ని యజమాని అనుమతి లేకుండా ముట్టకూడదు. తమదే అయినా రోజూ వాడుకలో ఉన్న తాళం మీద సాధన చేయకూడదు. రెండోదానికి కారణం లోపలి యంత్రమే. కొక్కెం తగిలి తగిలి ఇత్తడి అంచులు అరుగుతాయి, స్ప్రింగ్ నలుగుతుంది. ఏ రాత్రో ఇంటికి వచ్చేసరికి సొంత చెవికే తలుపు తెరుచుకోకపోవచ్చు. సాధనకు పాత తాళమో, లోపలి పిన్నులు బయటికి కనిపించే పారదర్శక తాళమో కొనుక్కుని బల్లకు బిగించుకుంటారు.